కనకరాజు: గుస్సాడీ నృత్యం, ఆదిలాబాద్ అడవి

కనకరాజు రాజ్‌గోండు నర్తకుడు, గుస్సాడీ గురువు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయి ఆయన స్వగ్రామం. కనక అన్నది గోండుల ఇంటిపేర్లలో ఒకటి. చుట్టుపక్కల గూడేల్లో ఆయన్ని గుస్సాడీ రాజు అనే పిలిచేవారు. భారత ప్రభుత్వం 2021లో కళారంగంలో ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. ఆ ఏడాది నవంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా దాన్ని అందుకున్నారు. 2024 అక్టోబరు 25న మార్లవాయిలో కన్నుమూశారు. రాష్ట్ర ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. ఆ ఏడాది దీపావళి అక్టోబరు 31న వచ్చింది. అంటే గూడెం గూడెంలో గుస్సాడీలు కాళ్లకు గజ్జెలు కట్టుకుని తిరుగుతున్న రోజుల్లోనే ఆ నృత్యానికి పెద్దదిక్కు వెళ్లిపోయాడు.

ఆయన గురించి రాయాలంటే ఆ నృత్యం గురించి, అది పుట్టిన అడవి గురించి కూడా రాయక తప్పదు. పద్మశ్రీ వచ్చాక పత్రికలు ఆయన్ని జానపద కళాకారుడని పరిచయం చేశాయి. ఆ మాట తప్పు కాదు గాని సగమే. గోండు గూడెంలో గుస్సాడీ కళాప్రదర్శన కన్నా ముందు ఒక దీక్ష, ఒక మొక్కు, ఏడాదికొకసారి దేవుడు మనిషి ఒంటిమీదికి దిగివచ్చే కాలం.

దండారి

గుస్సాడీ విడిగా ఉండే నృత్యం కాదు. అది దండారి అనే పెద్ద పండుగలో భాగం. ఆశ్వయుజ పౌర్ణమి తరువాత భోగి పూజతో మొదలయ్యే దండారి దీపావళి వెళ్లాక కోలబొడి అనే ముగింపు కర్మతో పూర్తవుతుంది. రాజ్‌గోండులతో పాటు కొలాములు కూడా ఈ పండుగ చేసుకుంటారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూర్, జైనూర్, సిర్పూర్ (యు), నార్నూర్, ఇంద్రవెల్లి, కెరమెరి ప్రాంతాలు దీనికి గుండెకాయ. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవు వద్ద గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడి ఉంది. గోండీలో కాకో అంటే అమ్మమ్మ. దండారి రోజుల్లో దూరదూరాల నుంచి బృందాలు ఆ అమ్మమ్మ దగ్గరికి వచ్చి, మొక్కులు తీర్చుకుని, అక్కడే ఆడి వెళ్తాయి.

పండుగ నడిచే తీరు ఇది. ఒక ఊరి మగవాళ్లు బృందంగా బయలుదేరి మరో ఊరికి వెళ్తారు. ఆ ఊరివాళ్లు పొలిమేరలో ఎదురేగి స్వాగతం పలికి, కాళ్లు కడగడానికి నీళ్లిచ్చి, భోజనాలు పెడతారు. రాత్రంతా ఆటపాటలు. మర్నాడు గుస్సాడీలు మళ్లీ ఆడాక వీడ్కోలు. తరువాత అతిథులుగా వచ్చిన ఊరు ఆతిథ్యం ఇచ్చే ఊరవుతుంది. గోండు సమాజం నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతలను కొలిచే నాలుగు సగలుగా ఉంటుంది. ఒకే సగలో పెళ్లి కుదరదు. అందువల్ల వియ్యమందదగిన ఊళ్లకు దండారి వెళ్లడం పరిపాటి. ఈ రాకపోకల్లో పెళ్లిచూపులు జరిగిపోతాయి, పాత తగవులు సర్దుకుంటాయి, ఏ ఊళ్లో పంట ఎలా ఉందో తెలుస్తుంది. అడవిలో దూరదూరంగా విసిరేసినట్టున్న గూడేలను ఒక సమాజంగా కట్టి ఉంచిన తాడు దండారి.

బృందంలో అందరూ గుస్సాడీలు కారు. కోలాటం కర్రలతో వలయంగా ఆడే యువకులు ఉంటారు. ఆడవేషం కట్టిన కుర్రాళ్లను పోరిక్‌లు అంటారు. వాయిద్యకారులు వేరే. డప్పు, డోల్, తుడుం, గుమేలా, వెట్టి వంటి తాళ వాద్యాలు, పెప్రె, కాలికోం వంటి ఊదే వాద్యాలు కలిసి మోగుతాయి. వీటిలో గుమేలాకు పూజార్హత ఉంది. పండుగ మొదట్లో వాద్యాలను దించి పూజ చేశాకే చేత పట్టాలి. ముగిశాక మళ్లీ పూజ చేసి దాచాలి. మధ్యలో సరదాకు తీసి వాయించడానికి లేదు. గోండుల వంశగాథలను కిక్రీ అనే తంత్రీ వాద్యం మీద పాడే ప్రధానులు, అలాగే తోటీలు ఈ సంప్రదాయానికి జ్ఞాపకశక్తి లాంటివాళ్లు. గోండుల ఆదిపురుషుడు పహాండి కుపార్ లింగాల్ కథ వారి నోటనే తరాలు దాటి వచ్చింది.

గుస్సాడీ వేషం

తలపై నెమలీకల కిరీటం. గోండీలో దీన్ని మల్‌బూర అంటారు. వందలాది ఈకలను వెదురు చట్రానికి గుండ్రంగా, దట్టంగా అమర్చి, ముందువైపు అద్దాలు, రంగుల పట్టీలు, కొన్నిసార్లు కొమ్ములు కడతారు. ఒంటినిండా బూడిద, దాని మీద చారలు, చుక్కలు. ముఖానికి మసి, పెట్టుడు గడ్డం మీసాలు. మెడలో పూసలు, రుద్రాక్షలు, గింజల దండలు. నడుముకు, కాళ్లకు గజ్జెలు. భుజానికి వేలాడే తోలు, పూర్వం జింకది, ఇప్పుడు ఎక్కువగా మేకది. చేతిలో గంగారాం సోటా అనే కర్ర.

ఈ వేషం కట్టినవాడిలోకి ఏత్మాసార్ దేవుడు ప్రవేశిస్తాడని నమ్మకం. అందుకే నియమాలు కఠినం. దీక్ష పూర్తయ్యేదాకా గుస్సాడీ స్నానం చేయడు, ఒంటి మీది బూడిద కడుక్కోడు. మంచం ఎక్కడు. సోటాతో తాకితే రోగం పోతుందని పెద్దలు, పిల్లలు అతని ముందు వంగుతారు. అదే గుస్సాడీ మరుక్షణం పిల్లల వెంటపడి భయపెడతాడు, చేష్టలతో నవ్విస్తాడు. భక్తి, భయం, హాస్యం ఒకే మనిషిలో పక్కపక్కనే నడవడం ఈ సంప్రదాయంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. నగర వేదికల మీద మొదట మాయమయ్యేది కూడా ఆ హాస్యమే. పది నిమిషాల ప్రదర్శనలో అడుగుల క్రమం నిలుస్తుంది, కిరీటం మెరుస్తుంది. పిల్లవాడిని తరమడానికి చోటుండదు.

అడుగులు చూడడానికి సులువు, ఆడడానికి కష్టం. వాద్యాల దరువును బట్టి నర్తకులు వరుసగా, వలయంగా కదులుతూ మోకాళ్లు వంచి, ఒక్కసారిగా లేచి, తలను పక్కలకు ఊపుతారు. బరువైన కిరీటం తల మీద నిలవాలంటే మెడ, నడుము, మడమ ఒకే లయలో ఉండాలి. తల ఊగినప్పుడు ఈకలన్నీ ఒకే దిక్కుకు వాలి లేవాలి. ఈ పట్టు గూడెంలో పెద్దల వెనుక నిలబడి ఏళ్ల తరబడి ఆడితేనే వస్తుంది.

మార్లవాయి

కనకరాజు పుట్టి పెరిగిన ఊరికి మానవశాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1940లో కెరమెరి దగ్గరి జోడేఘాట్ కొండల్లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో అమరుడయ్యాడు. గోండుల భూములు ఎందుకు పోయాయి, వారు ఎందుకు తిరగబడ్డారు అన్న ప్రశ్నలు అప్పటికి గాని హైదరాబాద్ సర్కారుకు తట్టలేదు. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ రెండో ప్రపంచయుద్ధం వల్ల హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయి చెంచుల మీద, కొండరెడ్ల మీద, ఆ ప్రశ్నలు తేల్చే పనిలో గోండుల మీద పరిశోధన చేశాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని కాపురం ఉన్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఆయన రాసిన రాజ్‌గోండుల గ్రంథం 1948లో వెలువడింది. దండారి మీద, గుస్సాడీల మీద తొలి వివరమైన రాతలు ఆ పరిశోధన నుంచి వచ్చినవే.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో మరణించగా మార్లవాయిలో సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన హైమెండార్ఫ్ అస్థికలను కూడా తరువాత తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న ఊరు వారిని తలచుకుంటుంది. బయటివాళ్లు తమ ఆటపాటల్ని వచ్చి చూసి, గౌరవించి, రాసుకుపోవడం మార్లవాయికి కొత్త కాదు. అలాంటి ఊళ్లో పెరిగిన రాజుకు తన నృత్యం బయటి లోకానికి కూడా విలువైనదేనన్న ధీమా సహజంగానే అబ్బి ఉంటుందని నా అభిప్రాయం.

రాజు ప్రస్థానం

ఆయన చిన్నతనం నుంచే దండారి బృందాల్లో ఆడాడు. పెద్ద చదువుల్లేవు. ఊళ్లోని గిరిజన ఆశ్రమ పాఠశాలలో దినసరి పనివాడిగా చేశాడు. ఉట్నూర్ సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ 1980ల తొలినాళ్లలో గోండు యువకులకు గుస్సాడీ నేర్పించే బాధ్యత ఆయనకు అప్పగించింది. ఆ శిక్షణతో తయారైన బృందం దిల్లీ వెళ్లి ప్రధాని ఇందిరాగాంధీ ఎదుట ఆడింది. గోండుల దేవుడి వేషం రాజధాని చూడడం గోండులకు గర్వకారణమైంది.

ఆ కాలాన్ని గురించి ఇంకో మాట చెప్పకపోతే చిత్రం పూర్తి కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యల మీద సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. ప్రజాసంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఒకే జాతి ఆటను వేదిక ఎక్కించడం, అదే జాతి అడిగిన భూమిని కాదనడం ఇంచుమించు ఒకే సమయంలో జరిగాయి. గుస్సాడీకి దక్కిన గౌరవాన్ని ఈ వాస్తవానికి పక్కనే ఉంచి చూడాల్సిందే.

రాజు తరువాతి నాలుగు దశాబ్దాలు నేర్పుతూనే గడిపాడు. ఆశ్రమ పాఠశాలల విద్యార్థులు, గూడేల యువకులు ఎందరో ఆయన దగ్గర అడుగులు నేర్చారు. రాష్ట్రంలోనూ బయటా ఎన్నో సభల్లో ఆయన బృందాలు ఆడాయి. ఆయన సాధించినదాన్ని ఇలా చెప్పవచ్చు: ఊళ్లో దీక్షగా ఉండేదాన్ని ఊళ్లోనే ఉంచి, అందులోని అడుగును, దరువును, వేషాన్ని విడిగా నేర్పగలిగే పద్ధతిగా మలిచాడు. ఇలా చేసినప్పుడు పవిత్రత పోతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. దండారి వచ్చినప్పుడల్లా ఆయన తన ఊళ్లో తన గూడెం మనిషిగానే ఉన్నాడు గనుక ఆ భయం ఆయన విషయంలో నిజం కాలేదు.

పద్మశ్రీ ఆయనకు ఒంటరిగా వచ్చిన గుర్తింపు కాదు. మరుసటి ఏడాదే, 2022లో, మేడారం జాతరతో ముడిపడిన కోయ వాద్యకారుడు సకిని రామచంద్రయ్యకు, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు కూడా అదే పురస్కారం లభించింది. చెట్లు నాటడమే జీవితంగా బతికిన ఖమ్మం జిల్లా వనజీవి రామయ్య 2017లోనే అందుకున్నాడు. ఆయనా 2025 ఏప్రిల్‌లో వెళ్లిపోయాడు.

నెమలి, ఇప్ప, గోదావరి

రాజు మొక్కలు నాటే ఉద్యమకారుడు కాదు, అడవి మీద ఉపన్యాసాలు ఇచ్చినవాడూ కాదు. అయినా ఆయన కాపాడిన నృత్యం అడవి లేకుండా ఒక్క ఏడాది నిలవదు. దానికి తిరుగులేని సాక్ష్యం మల్‌బూర. మగ నెమలి వానాకాలంలో జోడు కడుతుంది. శ్రావణ భాద్రపదాల నుంచి దాని పొడవాటి ఈకలు వాటంతట అవే రాలిపోతాయి. ఆశ్వయుజంలో దండారి మొదలయ్యేనాటికి అడవి నేల మీద ఈకలు సిద్ధంగా ఉంటాయి. ఏరుకోవడమే. పక్షిని చంపనక్కర్లేదు, పట్టనక్కర్లేదు. 1963లో జాతీయ పక్షి అయిన నెమలికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యున్నత రక్షణ ఇచ్చింది. చంపితే జైలు. అదే చట్టం మగ నెమలి తోక ఈకలకు దేశంలోపల వాడకం విషయంలో మినహాయింపు ఇచ్చింది. గుస్సాడీ కిరీటం చట్టబద్ధంగా బతికి ఉన్నది ఆ మినహాయింపు వల్లే. ఒకసారి కట్టిన కిరీటాన్ని పారేయరు. జాగ్రత్తగా దాచి, పాడైన ఈకలు మార్చుకుంటూ ఏళ్లపాటు వాడతారు.

గోండుల పండుగల పంచాంగమంతా ఇలాగే అడవి కాలాన్ని పట్టి నడుస్తుంది. కొత్త పంట నోట పెట్టే ముందు దేవతలకు పెట్టాలి. ఇప్పపూలు ఏరే ముందు పూజ చేయాలి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతర కోసం మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరికి, జన్నారం మండలంలోని హస్తినమడుగుకు వెళ్లి నీళ్లు తెస్తారు. ఏది ఎప్పుడు కోయాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు అన్న కట్టుబాట్లను దేవుడి పేరు మీద పెట్టుకున్న సమాజం ఇది. అటవీశాఖ పుట్టకముందు నుంచి నడుస్తున్న సంరక్షణ పద్ధతి అని దీన్ని అనడానికి నేను సందేహించను.

ఒకప్పుడు దండారి వచ్చే కాలం గోండు రైతుకు తెరిపి. వానాకాలపు తొలి పంటలు ఇంటికి వచ్చాయి, జొన్న ఇంకా కోతకు రాలేదు. ఆ సందులో వారాల తరబడి ఊరూరా తిరగగలిగేవారు. ఇప్పుడు ఆ పొలాల్లో పత్తి ఉంది. దీపావళి నాటికి పత్తి ఏరే పని మీదపడుతుంది. అందువల్ల ఒకప్పుడు ఎన్నో ఊళ్లు తిరిగిన బృందాలు ఇప్పుడు కొద్ది ఊళ్లతోనే సరిపెట్టుకుంటున్నాయి. నృత్యానికి ముప్పు అనగానే సినిమాలు, ఫోన్లు గుర్తొస్తాయి. పంట మారడం వల్ల వచ్చిన ముప్పు వాటికన్నా లోతైనది.

పసిఫిక్ పోలిక

అడవి మీద ఆధారపడిన కిరీటం, దాని కింద నిలబడ్డ జాతి గౌరవం ఆదిలాబాద్‌కే పరిమితం కాదు. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో వేడుకల చివర తౌఅలుంగ అనే నృత్యం జరుగుతుంది. సాధారణంగా గ్రామపెద్ద కుమార్తె దాన్ని ఆడుతుంది. ఆమె తల మీద తుయింగ అనే ఎత్తైన కిరీటం. అందులో మనుషుల వెంట్రుకలు, గవ్వలు, ఈకలు ఉంటాయి. పూర్వం చిన్న చిలుకల ఎర్రటి ఈకలు ఎంతో విలువైనవి. ఒంటికి కట్టే సియాపో వస్త్రం కాగితపు మల్బరీ చెట్టు బెరడుతో, నాణ్యమైన చాప మొగలి జాతి ఆకులతో తయారవుతాయి. ఆ చాప నేతను యునెస్కో 2019లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సవాయి దీవిలోని ఫాలెయలుపో ఊరివాళ్లు 1980ల చివర పాఠశాల ఖర్చు కోసం అడవిని కలపకు అమ్ముకోవాల్సిన పరిస్థితి వచ్చినప్పుడు, ఆ డబ్బు వేరే దారిలో సమకూర్చుకుని అడవిని నిలబెట్టుకోవడానికి ఒప్పందం చేసుకున్నారు. సమోవా నర్తకి తన సంస్కృతిని కాపాడాలంటే దీవి అడవిని, తీరాన్ని కూడా కాపాడక తప్పదు. మార్లవాయి నర్తకుడి సంగతీ అంతే.

తేడా ఒకటి ఉంది. సమోవాలో భూమిలో అత్యధిక భాగం సంప్రదాయ హక్కుల కింద వంశాల చేతిలోనే ఉంది. గోండులకు ఆ భద్రత లేదు.

రాజు తరువాత

హైదరాబాద్ వాసికి గుస్సాడీ ఎక్కువగా సభల్లో, ఊరేగింపుల్లో, రాష్ట్రావతరణ వేడుకల్లో కనిపిస్తుంది. నగరం నుంచి మార్లవాయి సుమారు 300 కిలోమీటర్ల దూరం. నగరంలో గోండుల గురించి తెలుసుకోవడానికి మాసబ్ ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం, 2022 సెప్టెంబరు 17న బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కుమురం భీం ఆదివాసీ భవన్ ఉన్నాయి. గోండీ అక్షరాల విషయంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పాత్ర పెద్దది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల మీద అక్కడి పరిశోధకులు పనిచేశారు. గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. నృత్యానికి మాత్రం అలాంటి నమోదు ఇంకా జరగాల్సి ఉంది. దరువులు, పాటలు, వేషం కట్టే వరుస, దీక్షా నియమాలు గోండీలోనే, గోండుల చేతనే రాయించి దాచవలసినవి. దండారి బృందాలకు ప్రభుత్వం కొన్నేళ్లుగా ఇస్తున్న ఆర్థిక సాయం మంచిదే. ఆ డబ్బు పండుగ ఖర్చుకు సరిపోతుంది, పండుగ నేర్పే గురువును నిలబెట్టడానికి చాలదు.

అడవి ప్రశ్న మరింత జటిలమైంది. 1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల రిజర్వు అయింది. దాని చుట్టూ ఉన్నవి దండారి ఆడే ఊళ్లే. కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట కుటుంబాలను అడవి లోపలి నుంచి బయటికి తరలించారు. మరోవైపు, 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాల పంపిణీని 2023 జూన్ 30న అప్పటి ముఖ్యమంత్రి ఆసిఫాబాద్‌లోనే ప్రారంభించారు. 2025 మే చివర ప్రభుత్వం 49వ నంబరు ఉత్తర్వు ద్వారా కవ్వాల్‌ను మహారాష్ట్రలోని తడోబాతో కలిపే పులుల దారిని కుమురం భీం పేరుతో సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. ఆదివాసీలు వీధుల్లోకి వచ్చారు. జూలైలో ఆ ఉత్తర్వును నిలిపివేశారు. పులికి దారి అవసరమే. ఆ దారికి జల్, జంగల్, జమీన్ కోసం ప్రాణమిచ్చిన మనిషి పేరు పెట్టి, అతని వారసుల గ్రామసభలను ముందుగా అడగకపోవడం తప్పు. ఏరే ఈకల్ని, తాకే చెట్టును, తెచ్చుకునే నీటిని కూడా దేవుడి అనుమతితో తీసుకునే జాతిని అడవి నుంచి వేరుచేసి అడవిని కాపాడడం సాధ్యమని నేను నమ్మను. జోడేఘాట్‌లో భీం వర్ధంతి ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడే జరుపుతారు. దండారి మొదలయ్యేదీ ఆ పౌర్ణమి వెనకే.